నొప్పిని అడిగి తెలిసికొను విద్య

కేన్సరు రోగిని బాధించు నొప్పి ఆసుపత్రి వేళలను పాటించి వచ్చునది కాదు. వైద్యుని యెదుట కూర్చున్న పది నిమిషములలో అణగియుండి, నాలుగుగంటల బస్సు ప్రయాణము ముగించి రోగి యిల్లు చేరి, ఇంటిల్లిపాది నిద్రించిన పిమ్మట, రాత్రి రెండుజాములు దాటిన వేళ అది వెన్నులోనో తుంటిలోనో తల యెత్తును. అప్పుడు మంచము ప్రక్కనుండునది వైద్యుడు కాడు; భార్యయో, కోడలో, పగలంతయు పనికి పోయి అలసివచ్చిన కొడుకో. మాత్ర ఒకటి వేయవలెనా రెండు వేయవలెనా, ఇంతకుముందు వేసినది ఎప్పుడు, మరల వేసినచో ప్రాణమునకు ముప్పా అను సందేహములన్నియు ఆ ఘడియలోనే పుట్టును. వాటికి సమాధానము చెప్పగలవారు ఎక్కడనో పట్టణమున నుందురు. ఈ ఎడమును ఫోను మూలమునను ఇంటర్నెట్టు మూలమునను దాటి, శిక్షణ పొందిన నర్సు రోగిని పలుకరించుటయు, అట్లు పలుకరించుట వలన నొప్పి నిజముగా తగ్గుటయు గత ఇరువది సంవత్సరములలో పరీక్షకు నిలిచిన విషయములు. యంత్రమును చూచి మురియువారు దీనిని యంత్రము చేసిన మేలుగా వర్ణింతురు గాని, నాకట్లు తోచదు. ఇందు మేలు చేసినది క్రమము తప్పక అడుగుట. యంత్రము ఆ అడుగుటకు దారి మాత్రమే వేసినది.

నొప్పిని అణచు విద్య కొత్తగా కనుగొనవలసినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ప్రకటించిన చిన్న గ్రంథములో మూడు మెట్ల నిచ్చెన యొకటి కలదు: మొదటి మెట్టున పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మొదలగు సామాన్యౌషధములు, రెండవ మెట్టున కోడీన్ వంటి అల్పశక్తి గల నల్లమందు జాతి ఔషధములు, మూడవ మెట్టున మార్ఫిన్. మందును సాధ్యమైనంతవరకు నోటిద్వారానే ఇయ్యవలెననియు, నొప్పి వచ్చువరకు వేచియుండక గడియారమును చూచి ఇయ్యవలెననియు, మోతాదును గ్రంథమును బట్టి గాక మనిషిని బట్టి నిర్ణయింపవలెననియు అందలి ప్రధానసూత్రములు. మెట్టు తరువాత మెట్టుగా ఎక్కియే తీరవలెనను పట్టుదలను 2018 నాటి సూచనలలో ఆ సంస్థయే సడలించినది గాని, తక్కిన సూత్రములు నేటికిని నిలిచియున్నవి. వాటిని శ్రద్ధతో పాటించినచో కేన్సరు నొప్పిలో అధికభాగము చవుకయైన మాత్రలకే లొంగును.

లొంగవలసిన నొప్పి ఇన్ని యిండ్లలో లొంగకున్నదేమి యని విచారించినచో, మందు దొరకకపోవుట ఒక కారణము. దానిని గూర్చి తరువాత చెప్పెదను. అంతకు తక్కువ కాని రెండవ కారణము, సమయమునకు అడుగువారు లేకపోవుట. మార్ఫిన్‌కు అందరికిని సరిపడు మోతాదు లేదు. ఒకనికి ఐదు మిల్లీగ్రాములతో శమించు బాధ మరియొకనికి అరువదితో గాని శమింపదు. ఆ అరువదియైనను వ్యాధి ఎముకకు ప్రాకిన వారమున చాలక, ఆ యెముకకు రేడియేషన్ ఇచ్చిన కొన్నాళ్లకు అవసరమునకు మించినదగును. కావున మోతాదు నిర్ణయము ఒకమారు చీటీపై వ్రాసి ముగించునది గాక, ఇచ్చుచు, అడుగుచు, సవరించుచు సాగవలసిన వ్యవహారము. నెలకొకమారు ఆసుపత్రికి రాగల రోగివిషయమున ఆ వ్యవహారము నెలకు ఒక్క అడుగు మాత్రమే ముందుకు సాగుచున్నది.

అడుగుట మొదటినుండియు నర్సుల విద్య. లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరచి, మరణాసన్నుల సేవకు శాస్త్రగౌరవము కలిగించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సుగానే శిక్షణ పొందినది. నడుమునొప్పి వలన ఆ వృత్తిని వదలి, ఆసుపత్రిలో రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగినియై, తన మాటను వైద్యులు చెవినిడవలెనన్నచో తానును వైద్యురాలు కావలెనని నిశ్చయించి, నలువది యేండ్లకు చేరువలో 1957లో ఆ పట్టమును సంపాదించెను. శరీరపు పోటు, మనసులోని భయము, ఇంటివారిని గూర్చిన చింత, దైవమును గూర్చిన సంశయము వేరువేరు బాధలు కావనియు, ఒకదానిని విడిచి మరియొకదానిని మాన్పుట పొసగదనియు ఆమె బోధించినది. అమెరికాలో మార్గో మెకాఫరీ యను నర్సు 1968లోనే, నొప్పి ఎంత యున్నదో తేల్చు అధికారము దానిని అనుభవించువానిదే గాని చూచువానిది కాదని నిర్ద్వంద్వముగా వ్రాసెను. నాడి చూచియో, రక్తము పరీక్షించియో తెలిసికొనుటకు వీలులేనిది గనుక, నొప్పి విషయమున ప్రశ్నయే పరికరము.

ఆ ప్రశ్నను దూరమునుండి వేయవచ్చునా యను విచారమునకు నాకు తెలిసినంతలో మిక్కిలి చక్కని సమాధానము ఇండియానాలో దొరకినది. అమెరికా మధ్యభాగమున, మొక్కజొన్న చేలకు పేరుపడిన ఆ రాష్ట్రమున, పట్టణములందును పల్లెలందును గల 16 కేన్సరు చికిత్సాలయములకు వచ్చు 405 మంది రోగులను కర్ట్ క్రోఎంకీ అను వైద్యుడును ఆయన సహచరులును 2006 మొదలు 2008 వరకు ఒక పరిశోధనలో చేర్చుకొనిరి. వారందరును నొప్పితోనో, మానసికమైన క్రుంగుబాటుతోనో, ఈ రెంటితోనో బాధపడువారే. యాదృచ్ఛికముగా వారిని రెండు వర్గములుగా విభజించి, 203 మందిని యథాపూర్వమైన చికిత్సకు వదలి, తక్కిన 202 మందికి ఒక కేంద్రస్థానమునుండి ఫోనుమీద నర్సు తోడ్పాటును ఏర్పాటు చేసిరి. రోగికి నిర్ణీత దినములలో యంత్రమునుండి ఫోను వచ్చును. ముందుగా రికార్డు చేసిన కంఠస్వరము నొప్పి ఎంత, నిద్ర యెట్లున్నది, మందు వేసికొనుచున్నారా యని అడుగగా రోగి అంకె నొక్కి బదులు చెప్పును. అట్లు ఫోనుమీద చెప్పుట యిష్టము లేనివారు అవే ప్రశ్నలకు ఇంటర్నెట్టులో బదులు వ్రాయవచ్చును. మొదటి మూడు వారములును వారమునకు రెండేసిమార్లు, తరువాత కొన్నాళ్లు వారమునకొకమారు, క్రమముగా నెలకు రెండు, తుదకు నెలకొకటిగా ఈ ప్రశ్నలు పలుచబడుచు సంవత్సరకాలము సాగినవి. నర్సు ఆ బదుళ్లను చదువును. అంకె పెరిగినను, మందు మానినట్లు తెలిసినను, తానే ఫోను చేసి మాటలాడును. వారమునకొకమారు నిపుణుడైన వైద్యునితో కూర్చుండి ఒక్కొక్క రోగి సంగతి చర్చించి, మందు మార్పును ఆ రోగికి చికిత్స చేయు కేన్సరు వైద్యునికి సూచించును. చీటీ వ్రాయువాడు ఆ వైద్యుడే. 2010 జూలైలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రకటితమైన ఫలితములను బట్టి, నర్సు తోడ్పాటు గలవారిలో నొప్పియు క్రుంగుబాటును కూడ తక్కినవారిలో కంటె స్పష్టముగా తగ్గి, ఆ తేడా సంవత్సరమంతయు నిలిచెను.

ఇందు గమనింపదగినది, ఆ పరిశోధన యే కొత్త మందును పరీక్షింపలేదనుట. రెండు వర్గములవారికిని అందుబాటులో నున్నవి అవే మందులు, అవే చికిత్సాలయములు. అంకెలు నొక్కించుకొను యంత్రము ఒంటిగా నున్నచో ఆ ఫలితము వచ్చెడిదని నేననుకొనను. చెప్పిన అంకెకు మారుగా మనిషి గొంతుక వినవచ్చుట చేతనే రోగి మరునాడు కూడ నిజము చెప్పును.

న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేన్సరు కేంద్రమున ఈథన్ బాష్ నడపిన మరియొక పరీక్ష దీనిని ఇంకను దూరము తీసికొనిపోయినది. కీమోథెరపీ పొందుచున్న 766 మందిలో కొందరు నొప్పి, వాంతి, ఆయాసము మొదలగు పండ్రెండు లక్షణములను గూర్చి ఇంటర్నెట్టులో తమంతట తామే తెలుపుచుండిరి. లక్షణము తీవ్రమైనను, హఠాత్తుగా ముదిరినను నర్సునకు ఈమెయిల్ పోయెడిది. నూటికి డెబ్బదియేడు పర్యాయములు నర్సులు ఏదో యొక చికిత్సాచర్యతో వెంటనే స్పందించిరి. 2017లో ప్రకటించిన లెక్కను బట్టి, సామాన్య చికిత్స పొందినవారి మధ్యస్థ జీవితకాలము 26 నెలలు కాగా, ఇట్లు తెలుపుకొన్నవారిది 31 నెలలు దాటెను. ప్రశ్నలడిగినంత మాత్రమున ఆయువు పెరుగునా యని నవ్వువారు, ఆ రోగులు కీమోథెరపీని మరికొన్నాళ్లు తట్టుకొనగలిగిరనియు, అత్యవసర విభాగమునకు పరుగెత్తుట తగ్గెననియు కూడ గమనింపవలెను. అంతకంటె నాకు ప్రియమైన సంగతి మరియొకటి కలదు: కంప్యూటరు అలవాటు లేనివారికే ఈ పద్ధతి వలన ఎక్కువ మేలు కలిగెను. మన ముసలివారికి ఇవన్నియు చేతకావని తలయూచువారికి ఇది చాలినంత జవాబు.

ఇంతకు ఆ నర్సు అడుగునదేమి? మన ప్రాంతపు ఇల్లొకటి భావించుకొందము. "ఎట్లున్నదమ్మా నొప్పి?" అని అడిగినచో, డెబ్బది యేండ్ల పెద్దమ్మ, "ఏముంది తల్లీ, ఫరవాలేదు, ఓర్చుకుంటున్నాను" అనియే బదులు చెప్పును. ఓర్పును స్త్రీకి ఆభరణముగా చెప్పుకొని వచ్చిన సంఘములో ఆ ప్రశ్నకు మరియొక జవాబు రాదు. అనుభవము గల నర్సు అక్కడ ఆగక, "రాత్రి ఎన్నిమార్లు లేచారు? ఏ ప్రక్కకు తిరిగి పడుకోగలుగుతున్నారు? నిన్న వాకిటిదాకా నడిచారా? మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి నెమ్మదిస్తున్నది, మళ్లీ ఎప్పుడు మొదలవుతున్నది?" అని అడుగును. సున్నా నుండి పదివరకు ఒక అంకె చెప్పుమన్నచో తికమకపడు వృద్ధుని, "రూపాయికి ఎన్నణాలుంటుంది తాతా?" అని అడిగిన, "పన్నెండణాలు" అని తడుముకొనక చెప్పవచ్చును. అణా నాణెము చెల్లుబాటు పోయి ఎన్నాళ్లయినను ఆ కొలత వారి మనసున నిలిచియున్నది. ఏ కొలతయైనను సరియే. ప్రతిమారును అదే కొలతతో అడిగి, నిన్నటి పన్నెండు నేడు ఎనిమిది అయినదా పదునాలుగు అయినదా యని చూచుట ముఖ్యము.

నొప్పి తీరును వర్ణింపజేయుట మరియొక పని. ఎముకలో సలుపు, కదలినప్పుడు పోటు ఒక జాతి. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్లు జివ్వుమని ప్రాకుట మరియొక జాతి. రెండవది నరములు నలిగినందువలన కలుగునది. దానికి మార్ఫిన్ ఒక్కటియే చాలదు, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి మందులను వైద్యుడు జతచేయవలసియుండును. వీడియో కాల్‌లో మరికొన్ని సంగతులు మాటకు ముందే కనబడును: ముడిపడిన బొమలు, ఒక చేతితో కడుపును అదిమిపట్టుకొని మాటలాడు తీరు, మంచము ప్రక్క విప్పకుండ పడియున్న మాత్రల అట్టలు. అట్టను కెమెరాకు చూపించుమని మిగిలిన మాత్రలను లెక్కించిన నర్సునకు, నోటితో అందరును దాచు రహస్యము తెలియును. వెన్నునొప్పి యున్న రోగి కాళ్లు బలహీనపడినవనినను, మూత్రము బిగిసినదనినను, నర్సు మందుమాట విడిచి ఆ దినమే ఆసుపత్రికి పంపవలెను. వెన్నుపాము నలుగుచున్నదను శంక గలచోట ఒక్కరాత్రి జాగు చేసినచో కాళ్లు శాశ్వతముగా పడిపోవచ్చును. అట్లే పిలిచినను మేలుకొనని మత్తు, మందగించిన శ్వాస కూడ ఫోనులో ముగియవలసిన సంగతులు కావు.

ఫోను మాటలలో అధికభాగము భయములను పోగొట్టుటకే వ్యయమగును. మార్ఫిన్ అనగా చివరి మందనియు, అది ఆరంభించినచో ఇక దినములు లెక్కించుటయే యనియు మనవారిలో గట్టి నమ్మకము. అలవాటు పడునను భయము వేరొకటి. నొప్పికొరకు వైద్యుని పర్యవేక్షణలో సరియైన మోతాదులో వాడువారిలో వ్యసనమగుట అరుదనియు, శరీరము మందునకు అలవడుటయు మనసు మందును వెంపరలాడుటయు ఒకటి కావనియు, కావుననే మందును ఆపవలసివచ్చినప్పుడు ఒక్కమారుగా మానక క్రమముగా తగ్గింతురనియు చెప్పవలెను. ఒకమారు చెప్పిన చాలదు, ప్రతి వారము కొత్త చుట్టము వచ్చి కొత్త భయము నాటిపోవును. త్వరగా పనిచేయు మార్ఫిన్ మాత్ర ప్రభావము నాలుగుగంటలు మాత్రమే గనుక నాలుగుగంటలకొకమారు వేయవలెను. నొప్పి ముదిరినపుడు వేయుదమనుకొనుట దాహము వేసినప్పుడు నుయ్యి త్రవ్వుట వంటిది. మొదటి రెండు మూడు దినములు కొంత మగతయు వికారమును కలిగి పోవును. పోనిది మలబద్ధకము. దానికి విరేచనకారి మందు మొదటిదినమునుండియే ఇయ్యకున్నచో, రోగి నొప్పికి కాక కడుపుబిగువుకు వెరచి మార్ఫిన్‌ను మానును. ఆ సంగతి వైద్యునికి చెప్పుటకు సిగ్గుపడును. నర్సుకు చెప్పును. నొప్పి తోడ్పాటు విఫలమగుటకు గల కారణములలో ఇంత అల్పమైనదియు ఇంత సాధారణమైనదియు మరియొకటి లేదు.

మందు దొరకుట మాటకు వచ్చెదను. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతితో గసగసాల పంట పండించి, ప్రపంచమునకు నల్లమందు ఎగుమతి చేసిన మన దేశమున, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వచ్చిన పిదప లైసెన్సుల బెడదకు జడిసి ఆసుపత్రులు మార్ఫిన్‌ను ఉంచుకొనుటయే మానినవి. దేశమంతటి వైద్యవినియోగము నూటికి తొంబదిపాళ్లకు మించి పడిపోయి 1997 నాటికి 18 కిలోలకు దిగెను. కేరళలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్ మొదలగువారు ఏండ్ల తరబడి చేసిన కృషి వలన 2014లో ఆ చట్టము సవరింపబడి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు మార్ఫిన్‌ను నిలువచేసి ఇచ్చుట సులభమైనది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలో నొప్పినివారణకు ప్రత్యేక విభాగము పనిచేయుచున్నది. తెలంగాణ జిల్లాలలో ప్రభుత్వ పాలియేటివ్ (బాధోపశమన) కేంద్రములు వెలసినవి. విశాఖపట్టణమున టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి కలదు. అయినను ఆదిలాబాదు అడవిపల్లె నుండియో, శ్రీకాకుళము కొండప్రాంతము నుండియో వచ్చు రోగికి ఇవన్నియు దూరమే. 2020 మార్చి 25న కేంద్రప్రభుత్వము ప్రకటించిన టెలీమెడిసిన్ నియమములు ఆ దూరమును చాలవరకు తగ్గించినవి గాని, మాదకద్రవ్యముల చట్టము క్రిందికి వచ్చు మందులను ఫోనుమీద వ్రాయుటను నిషేధించినవి. కావున మన రాష్ట్రములలో ఆన్‌లైన్ నర్సు ఆసుపత్రికి బదులు కాజాలదు. రోగి ఒకమారు వచ్చి చీటీయు మందును పొందిన తరువాత, మరల వచ్చులోపలి వారములను ఆమె కాపాడవలెను. వీడియో లేనిచోట ఒట్టి ఫోను చాలును. ఇండియానా నర్సులును రోగులతో మాటలాడినది ఫోనులోనే.

మన యిండ్లకు ప్రత్యేకమైన చిక్కు వేరొకటి యున్నది. ఫోను కొడుకు చేతిలో నుండును; రోగము పేరు తండ్రికి తెలియదు. "నాన్నగారి ముందు కేన్సరు మాట ఎత్తకండి" అను షరతుతో మాట మొదలగును. నర్సు ఆ షరతును వెంటనే త్రోసిపుచ్చరాదు, శాశ్వతముగా అంగీకరింపనురాదు. పేరు ఎత్తకయే నొప్పిని గూర్చి రోగితో నేరుగా మాటలాడవచ్చును. స్పీకరు ఆపి, ఫోను ఆయన చెవికి ఆనించుమని అడుగుట చిన్న పనియే గాని, చాలమంది రోగులకు ఎన్నో వారములలో మొదటిమారుగా ఏకాంతమున మాటలాడు అవకాశము ఆ విధముగానే కలుగును. డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురు ఈ యేర్పాటులో భారముగా తోచవచ్చును. రోజుకు నాలుగుమార్లు వీడియోలో తల్లిని చూచి, ఇంటర్నెట్టులో చదివిన మందులను సూచించి, ఇక్కడ సేవచేయు వదినను కలవరపెట్టు కూతుళ్లు లేకపోలేదు. తెలివిగల నర్సు ఆమెకు పని యొకటి అప్పగించును. ఇక్కడ అర్ధరాత్రి అక్కడ మధ్యాహ్నము గనుక, నొప్పి అంకెలును మాత్రల వేళలును వ్రాసి ఉంచు పట్టికను ఆమె చూచుకొనవలెను. రాత్రి మోతాదు తప్పకుండ వదినకు ఫోను చేసి గుర్తుచేయవలెను. అంత దూరమున నున్న ఆమె దుఃఖమునకును దానితో కొంత దారి దొరకును.

దూరమునుండి చేయరానివి చేయరానివే. కడుపును తడిమి చూచుట, పుండునకు కట్టు కట్టుట, దాని వాసన పసికట్టుట, చేయి పట్టుకొనుట ఫోనుకు అసాధ్యములు; వాటికి ఇంటికి వచ్చు నర్సు ఉండవలసినదే. రాత్రివేళ ఎత్తని నంబరును ఇచ్చుట, నంబరే ఇయ్యకపోవుటకంటె హీనము. ఎందరు రోగులకు ఒక నర్సు అను లెక్క తేల్చకయే పథకములను ప్రారంభించు అధికారులను చూచినప్పుడు, ఆ పథకములు నర్సుల ఓర్పు మీద ఎన్నినాళ్లు నిలుచునో యని సంశయము కలుగును.

అన్నిటికంటె పెద్దచిక్కు అధికారము. రాత్రి ఫోనులో రోగి పదునాలుగణాల నొప్పి యనగా, ఇంకొక మాత్ర వేయుమని చెప్పుటకు నర్సుకు చట్టరీత్యా చేయి ఆడదు; వైద్యుడు ఆ వేళకు దొరకడు. ఆఫ్రికాలోని యుగాండా ఈ ముడిని 2004లో విప్పినది. కంపాలాలో డాక్టర్ ఆన్ మెరిమన్ 1993లో స్థాపించిన హాస్పిస్ అనుభవమును ఆధారము చేసికొని, ప్రత్యేకశిక్షణ పొందిన నర్సులు నోటిద్వారా ఇచ్చు మార్ఫిన్‌ను స్వయముగా వ్రాయుటకు ఆ దేశపు చట్టము అనుమతించినది. మన చట్టములు అంతదూరము ఇప్పట్లో రాకపోవచ్చును. కాని చీటీ వ్రాయునప్పుడే వైద్యుడు, నాలుగుగంటల మోతాదు ఇది, మధ్యలో నొప్పి యెగసినచో అదనముగా ఇయ్యదగినది ఇంత, దినమునకు ఇన్నిమార్లకు మించరాదు, మించినచో నాకు తెలుపవలెను అని నాలుగు పంక్తులు వ్రాసియిచ్చుటకు ఏ చట్టమును అడ్డుపడదు. ఆ నాలుగు పంక్తులు రోగి చీటీమీదను, నర్సు ఎదుట కంప్యూటరు మీదను ఒకేరీతిగా ఉన్నచో, రాత్రి రెండుగంటలకు వచ్చిన ఫోనుకు ఆమె తెల్లవారువరకు ఆగుడని గాక, ఇప్పుడే ఒక మాత్ర వేయండి, గంటలో నేనే మళ్లీ ఫోను చేసి అడుగుతాను అని చెప్పగలదు.